నాచారంలో రాసిన అఖాతం వార్తలు

గురువారం మధ్యాహ్నం భోజనం చేసి నేను చేయి కడుక్కునేలోపే ఫోన్ మోగేది. కాకినాడ అఖాతం ఒడ్డు నుంచి. అవతలి మనిషి క్షేమసమాచారాలు అడిగేవాడు కాదు, గాలితోనే మొదలుపెట్టేవాడు.

"దక్షిణపు గాలండి బావగారూ. ఉదయం తొమ్మిదిదాకా ఓర్చుకుంటాది, ఆ తర్వాత మన మాట వినదు. నీళ్లు కొంచెం మసగ్గా ఉన్నాయండి. ఆదివారం పోటు తెల్లారగట్ల నాలుగింటికి మొదలవుతాది. పదింటికి నిండిపోతాదండి. మీవాళ్లను ఆరింటికల్లా నావలో ఉండమనండి."

నేను పాత డైరీలో రాసుకునేవాణ్ణి. పోటు అంటే సముద్రపు నీరు ఎక్కడం, పాటు అంటే తీయడం. అదైనా అతను చెబితేనే తెలిసింది. ఆ మాటల్ని నాలుగు వాక్యాలుగా దిద్ది, 'ఈ వారం అఖాతం' అని శీర్షిక పెట్టి, ఫోన్‌లోని ఒక గ్రూపులో వేసేవాణ్ణి. పోయిన వేసవంతా నేను చేసిన పని అదే. దినపత్రిక డెస్కులో ముప్పై ఏళ్లకు పైగా కూర్చున్నాను. తుఫాను వార్తలు ఎన్ని దిద్దానో లెక్కలేదు, ఒక్క తుఫానూ చూడలేదు. రిటైరయ్యాక నాచారంలో మూడో అంతస్తులో కూర్చుని, ఐదారు జిల్లాల అవతల ఉన్న సముద్రం గురించి వారం వారం రాయడం నాకు వింతగా అనిపించలేదు. అలా అనిపించకపోవడంలోనే తప్పంతా ఉంది.

గ్రూపు పేరు 'సముద్రం పార్టీ'. పెట్టినవాడు మా వీధిలో రెండిళ్ల అవతల ఉంటాడు. ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఇంజనీరింగ్ కంపెనీ టూల్‌రూమ్‌లో పనిచేసి నాకంటే నాలుగేళ్ల తర్వాత రిటైరయ్యాడు. నన్ను అన్నా అంటాడు. ఆదివారం వస్తే అన్నోజిగూడ దాటి ఏదో ఒక చెరువు గట్టుమీద గాలం వేసుకుని కూర్చోవడం అతని అలవాటు. పోయిన మార్చిలో ఒకరోజు మా ఇంటికొచ్చి, కుర్చీలో కూర్చోకుండానే విషయం చెప్పాడు.

"చెరువుల జిలేబీ చేపలు పట్టి పట్టి యాష్టకొచ్చిందన్నా. ఒక్కసారన్న ఉప్పునీళ్ల చేప పట్టాలె. కంపెనీల మావోళ్లు ఇరవై మంది తయారున్నరు. చూపెట్టేటోడు దొర్కుతలేడు."

మా ఆవిడది ఆ అఖాతం ఒడ్డునున్న ఊరే. నాచారం వచ్చి నలభై ఏళ్లు కావస్తున్నా ఆమె యాస మారలేదు. వంటింట్లోంచే జవాబు చెప్పింది.

"మా ఊళ్లో ఒకడున్నాడు. బళ్లో నాకంటే ఒక తరగతి కింద. అఖాతంలో వాడికి తెలీని గుంట లేదు. నేను చెబితే వస్తాడు."

అలా కుదిరాడు మా గైడు. ఆమెను అక్కగారూ అంటాడు కాబట్టి నేను బావగారినయ్యాను.

వేసవిలో రెండు నెలలు మోటారు బోట్లు వేటకు పోకూడదు, చేపలు గుడ్లుపెట్టే కాలమని నిషేధం. అతని మోటారు బోటు ఆ రెండు నెలలూ ఇసుకలో బోర్లా పడి ఉంటుంది. తెడ్డు వేసుకుని, గెడ అనే పొడుగాటి కర్రతో నెట్టుకుని నడిపే చిన్న నావకు మాత్రం అడ్డు లేదు. అంతకుముందు వేసవుల్లో అతను ఎక్కడో దూరాన రొయ్యల చెరువుల దగ్గర కాపలాకు పోయేవాడు. రెండు నెలలూ తడిలోనే నిలబడటం, తడిలోనే పడుకోవడం. మోకాళ్లు పాడయ్యాయి. ఈసారి ఆ చెరువుల వాళ్లకు రానని చెప్పేశాడు. తండ్రినాటి నావను బయటికి తీసి, సందుల్లో నార కుక్కి, తారు పూసి సిద్ధం చేసుకున్నాడు. వానలు పడేదాకా ప్రతి ఆదివారం మేము వస్తామన్న మాట మీదే ఇదంతా. ఆ మాట ఇచ్చింది మా ఆవిడ. దాన్ని గ్రూపులో రాసింది నేను. నిలబెట్టవలసిన వాళ్లు నాచారంలో మూడు షిఫ్టుల్లో పనిచేసే ఇరవై మంది.

మొదటివారమే నాకు ఓపిక పోయింది. రాబోయే బుధవారం నీళ్లు తేటగా ఉంటాయని, పోటు కూడా పొద్దున్నే వస్తుందని అతను చెప్పాడు. రాశాను. పది నిమిషాల్లో జవాబులొచ్చాయి.

"బుధవారం బి-షిఫ్ట్ ఉన్నది సార్."

"శనివారం వద్దు. శనివారం మేము నీసు ముట్టము."

"అమావాస్య నాడు ఇంట్లకెళ్లి బయటికి పోనియ్యరు సార్."

అమావాస్యకు పోటు పెద్దదిగా వస్తుంది, చేప కదులుతుంది అని మళ్లీ వివరంగా రాశాను. ఉప్పల్ నుంచి ఒక లేత్ ఆపరేటర్ తాపీగా జవాబిచ్చాడు: "సముద్రానికి జర చెప్పి ఆదివారానికి మార్పించున్రి సార్. మీరు పేపరోళ్లు కదా, మీ మాట ఇంటది." దానికి పద్నాలుగు మంది నవ్వు బొమ్మలు పెట్టారు. నా నాలుగు వాక్యాలకు ఒకే ఒక్క బొటనవేలు. అదీ ఎవరిదో తెలిసింది, సైనిక్‌పురిలో ఉండే రిటైర్డ్ సుబేదారుగారిది. ఆయన ఎవరి చుట్టమో, గ్రూపులోకి ఎలా వచ్చాడో ఎవరికీ తెలియదు. మాట్లాడేవాడు కాదు.

పోనీ, ఆదివారమే పోయారు. ఐదుగురు. ఆరింటికల్లా నావలో ఉండమని నేను రెండుసార్లు రాశాను. రైలు దిగి, వేడివేడిగా టిఫిన్ చేసి, ఇంటికి కాజాలు కట్టించుకుని, ఫొటోలు దిగి ఒడ్డుకు చేరేసరికి ఎనిమిదిన్నర. తొమ్మిదికి గాలి లేచింది. ఒక్క చేప కూడా తగల్లేదు.

రెండో ఆదివారం ఐదుగురు పోయారు. వాళ్లలో సుబేదారుగారు ఒకరు. ఈసారి ఏడింటికే చేరారు, పాపం. గాలి లేదు, నీళ్లు బాగున్నాయి. సుబేదారుగారికి రెండు పండుగప్ప చేపలు పడ్డాయి. మిగతా నలుగురికి ఏమీ లేదు. ఒకే నావ, ఒకే రొయ్య ఎర, పక్కపక్కనే వేసిన గాలాలు. ఈ సంగతి విని నేను ఆగి ఉండవలసింది. ఒక మనిషికి పడి నలుగురికి పడకపోతే ఆ నలుగురిలో ఉమ్మడిగా ఏముందో చూడాలి. ఊళ్లో పదిమందికి వాంతులు అన్న వార్త వస్తే ఏ విలేకరినైనా మేము మొదట అడిగేది అదే, అందరూ తిన్నది ఏమిటని. నేను అడగలేదు. "సుబేదారుగారి అదృష్టం" అని రాశాను.

ఆ నలుగురిలో ఉమ్మడిగా ఉన్నది గాలాలు.

టూల్‌రూమ్ మనిషి గాలాలు స్వయంగా చేసేవాడు. స్ప్రింగు తీగ కోసి, వంచి, కాల్చి, మొనను ఆకురాయితో సానబట్టి. అంగట్లో దొరికేవి వాటి ముందు దిగదుడుపే, అది నేనూ ఒప్పుకుంటాను. గ్రూపులో అందరికీ ఒక్కొక్క జర్దా డబ్బా నిండా ఇచ్చాడు, ఊరికే. డబ్బా మూత తీస్తే గోధుమరంగు కాగితంలో ఒక్కొక్కటిగా చుట్టి, మెషిన్ ఆయిల్‌లో తడిసి మెరుస్తూ ఉండేవి. గాలపుకర్రకున్న చక్రానికి గ్రీజు, ముడులకు గ్రీజు.

"ఇంత ఆయిల్ ఎందుకయ్యా?" అని నేనొకసారి అడిగాను కూడా.

"ఉప్పునీళ్లన్నా. ఇనుమును తింటయి. చెరువుకైతే ఫికర్ లేదు. సముద్రానికి ఉత్త ఇనుము పంపిస్తరా ఎవలన్న? నా చేతిమీద పోయిన పీసు ఒక్కటి తుప్పు పట్టలే ఇన్నేండ్లల."

అతను మొదటి రెండు ఆదివారాలూ పోలేదు. కారణం అడిగితే, "ట్రయల్ రన్ మావోళ్లు చేస్తరు. ఫైనల్‌కు నేనొస్త" అన్నాడు.

మూడో ఆదివారం ఇంకో ఐదుగురు పోయారు. సుబేదారుగారు పోలేదు. ఒక్క చేపా లేదు. ఆ సాయంత్రం ఒకతను గ్రూపులో ఫొటో పెట్టాడు. గాలపు దారం నీళ్లలో దిగినచోట ఎరుపు, నీలం, పసుపు కలిసి నీళ్లమీద ఒక వలయం తేలుతోంది. "సముద్రం కలర్ సూడున్రి, మస్తుంది" అని కింద రాశాడు. నేను దాన్ని పెద్దది చేసి చూశాను. చూసి, గురువారందాకా ఆగకుండా ఆ రాత్రే మూడు వాక్యాలు రాసి వేశాను: "నీటిపై నూనె తెట్టు కనిపిస్తోంది. దూరంగా వెళ్లే ఓడల వల్ల కావచ్చు. చేప ఎర ముట్టకపోవడానికి ఇదీ ఒక కారణమని తెలుస్తోంది."

ఎవరికి తెలుస్తోంది? నాచారంలో మూడో అంతస్తులో కూర్చున్న నాకు. తెలియని చోట 'కావచ్చు' పెట్టడం, చెప్పినవాడు లేనిచోట 'తెలుస్తోంది' పెట్టడం మా వృత్తిలో చేతికి అంటుకున్న జిడ్డు. రాత్రి ఎడిషన్ పోవాలి, ఖాళీ నిండాలి. ఈ గ్రూపుకు ఎడిషన్ లేదు, ఖాళీ నింపమని ఎవరూ అడగలేదు. అయినా నింపాను.

నా వార్తను మొత్తం చదివినవాళ్లు ఆ ఒక్కసారే కనిపించారు. ఓడలు తిరిగే చోటికి నావను తీసుకుపోతున్నాడన్నమాట అని ఒకరు. చేపలున్న చోటు తన చుట్టాలకు దాచుకుని, మనల్ని ఉత్త నీళ్లలో తిప్పుతున్నాడని మరొకరు. సుబేదారుగారికి పడ్డాయి కదా అంటే, ఆయన మిలటరీ మనిషి, భయపడి చూపించాడని ఇంకొకరు. లేత్ ఆపరేటర్ ముగించాడు: "గైడును మార్సుదం. వేరే తీరంల స్పీడుబోటు ఉన్నదట. నిషేధం అయిపోయినంక పోదం. వచ్చే సోమవారం అందరు చేతులెత్తున్రి."

గైడు దగ్గరున్నది బటన్ల ఫోన్. ఇవేవీ అతనికి కనబడవు. గురువారం మామూలుగానే ఫోన్ చేసి, గాలీ పోటూ చెప్పి, చివర్లో గొంతు తగ్గించాడు. "మీవాళ్లు రెండు వారాలుగా సరిగా పలకట్లేదండి. చెరువుల దగ్గర కాపలాకి నా చోట్లో వేరే మనిషిని పెట్టేసుకున్నారు. మానేస్తారేమిటండి?"

"అదేం లేదు" అన్నాను. అది కూడా అబద్ధమే.

మా ఆవిడ గ్రూపులోని మాటలన్నీ నా ఫోన్‌లో చదివింది. ఆ సాయంత్రం టూల్‌రూమ్ మనిషి వస్తే టీ ఇచ్చి, ఎదురుగా నిలబడింది.

"మావాణ్ణి మీ గ్రూపులో దొంగను చేశారు కదా."

"దొంగ అని ఎవలు అనలే వదినా. చేపలు దొర్కుతలేవు అన్నరు. గంతే."

"ఉత్త నీళ్లలో తిప్పుతున్నాడు అంటే అర్థం ఏంటి మరి? వాడు రొయ్యల చెరువు వదులుకున్నాడు మీ మాట నమ్మి. మీరిద్దరూ ఒక్కసారి పోయారా అసలు? ఒకాయన ఇక్కడ కూర్చుని సముద్రం గురించి రాస్తాడు. ఒకాయన ఇక్కడ కూర్చుని సముద్రానికి సామాను చేస్తాడు. వెళ్లి చూసి వచ్చి అప్పుడు మార్చుకోండి గైడును."

నేను కిటికీలోంచి బయటికి చూశాను. అతను టీలోకి చూశాడు.

ఆ శనివారం సాయంత్రం మేమిద్దరం రైలెక్కాం. టిఫిన్ జోలికి పోకుండా, కాజాల దుకాణం వైపు తల తిప్పకుండా, ఐదున్నరకే ఒడ్డుకు చేరాం. గైడు అప్పటికే నావలోకి ఊరిన నీళ్లు బయటికి తోడి పోస్తున్నాడు. పలచటి మనిషి, తలకు తువ్వాలు. నాలుగు వారాలుగా ఫోన్‌లో వింటున్న గొంతు ఆ శరీరంలోంచి రావడం కాసేపు నాకు నప్పలేదు. మాట్లాడేటప్పుడు మా ముఖాలు చూడడు, నీళ్లవైపే చూస్తాడు. మాకు రెండు లైఫ్ జాకెట్లు తొడిగి, తాళ్లు తనే బిగించాడు.

గెడతో నెట్టుకుంటూ మడ అడవి పక్కనుంచి తీసుకుపోయాడు. పోటు ఎక్కుతోంది. బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేళ్లు ఒక్కొక్కటే మునుగుతున్నాయి. దూరంగా అఖాతానికి అడ్డంగా దీవి సన్నటి గీతలా ఉంది. ఒక చిన్న కాలువ అఖాతంలో కలిసేచోట గెడను బురదలో దిగ్గొట్టి, దానికి నావను కట్టేశాడు. కుండలోంచి బతికున్న రొయ్యలు తీసి మా ముందు పెట్టాడు.

"ఇక్కడేనండి. నీరు లోపలికి పోతన్నప్పుడు చిన్న చేప పోతాది, దాని వెనక పండుగప్ప పోతాది. ఎనిమిదిన్నరదాకా మనదే."

టూల్‌రూమ్ మనిషి డబ్బా తీశాడు. కాగితం విప్పి, గాలం ముడివేసి, రొయ్యను గుచ్చి, చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. నాకూ ఒకటి కట్టి ఇచ్చాడు. దారం నీళ్లలో దిగినచోట ఎరుపు, నీలం, పసుపు వలయం విచ్చుకుంది. ఫొటోలో చూసిందే. చుట్టూ చూశాను. కనుచూపు మేరలో ఒక్క ఓడా లేదు.

గంట గడిచింది. మాకు ఏమీ లేదు. గైడు నావ వెనక కూర్చుని, కర్ర కూడా లేకుండా వేలికి చుట్టుకున్న దారంతో ఒక పండుగప్పను లాగి, మాకు కనబడకుండా గోనె కింద పెట్టబోయాడు. చూసేశానని గమనించి సిగ్గుపడ్డాడు.

"నీకెందుకు పడుతోంది, మాకెందుకు పడట్లేదు?" అని సూటిగా అడిగాను.

అతను నీళ్లవైపు చూశాడు. తర్వాత టూల్‌రూమ్ మనిషి వైపు. అతని ముఖం నేరుగా చూడటం అదే మొదటిసారి.

"చెప్తే ఏవనుకోకూడదండి. నూనె వాసనండి. చేప దగ్గరిదాకా వచ్చి తిరిగిపోతంది. రెండో వారమే తెలిసింది నాకు. నా గాలం వేసుకోండి అన్నానండి మీవాళ్లతో. మా అన్న చేసినవి కంపెనీ మాల్ అని నవ్వారు. సుబేదారుగారు మాత్రం తన సామాను తనే తెచ్చుకున్నారు, ఆయనకి పడ్డాయి."

"తెలిస్తే ఫోన్‌లో నాకెందుకు చెప్పలేదు?" నా గొంతు పెరిగింది. "నాలుగు వారాలుగా గాలీ నీళ్లూ రాయిస్తున్నావు నాచేత."

"పెద్దమనిషి చేతిపని కదండీ. ఆయన లేనిచోట బాలేదని ఎలా అంటామండి? ఇయ్యాళో రేపో ఆయనే వస్తారు కదా, అప్పుడు చెప్దామనుకున్నాను."

రొయ్యల చెరువు పని పోయింది, మేమూ పోయేలా ఉన్నాం, అయినా ఇతను ఒక డబ్బా గాలాల మర్యాద కాపాడుతూ కూర్చున్నాడు. కోపం ఎవరి మీద పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

టూల్‌రూమ్ మనిషి గాలం ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "నాకేం వాసన వస్తలేదు" అన్నాడు. అది నిజమే అయి ఉంటుంది. ఆ నూనెలో బతికినవాడు. నేను కూడా వాసన చూశాను, నాకూ రాలేదు. మా ఏరియాలో సాయంత్రం కంపెనీల వైపు నుంచి గాలి తిరిగితే కొత్తగా అద్దెకొచ్చినవాళ్లు అదేం వాసనని అడుగుతారు. పాతవాళ్లం, ఏ వాసన, అంటాం.

గైడు అతని చేతిలోంచి గాలాన్ని అడిగి తీసుకున్నాడు. నావ పక్కనుంచి గుప్పెడు బురద తీసి, గాలాన్ని, ముడిని, మూర పొడుగు దారాన్ని అందులో బాగా నలిపాడు. కడిగాడు. మళ్లీ నలిపాడు. "మీ చేతులు కూడా అండి" అన్నాడు. టూల్‌రూమ్ మనిషి మోచేతులదాకా బురద పూసుకుని కడుక్కున్నాడు. గైడు తన చేత్తో కొత్త రొయ్యను గుచ్చి ఇచ్చాడు.

పావుగంట కాలేదు, కర్ర వంగింది. వంగిన కర్రను పట్టుకుని ఆ మనిషి లేచి నిలబడబోతే నావ ఊగి, గైడు అతని జాకెట్ పట్టి కూర్చోబెట్టాల్సి వచ్చింది. నా మోచెయ్యంత పండుగప్ప. నావలో పడి ఎగురుతుంటే దాని నోట్లోంచి గాలాన్ని గైడు తీసి, వెలుగుకు పట్టి చూశాడు.

"గాలం మాత్రం బ్రహ్మాండంగా ఉందండి. మొన చూడండి, మా దగ్గర ఇలాంటిది దొరకదు."

టూల్‌రూమ్ మనిషి తల ఊపాడు. ఆ మాట విన్నాడో లేదో. చేప వంకే చూస్తున్నాడు. ఎనిమిదిన్నరకు గాలి లేచింది, గైడు చెప్పినట్టే.

సికింద్రాబాద్‌లో దిగి ఆటో ఎక్కాక, తార్నాక దాటుతుండగా టూల్‌రూమ్ మనిషి అడిగాడు.

"గ్రూపుల ఏం రాస్తవన్నా?"

"జరిగింది రాస్తా."

"గాలి తగ్గింది, గందుకే చేప పడ్డదని రాయరాదు?"

"గాలి తగ్గలేదు కదా."

"జర రాయన్నా. నువ్వు రాస్తే నమ్ముతరు."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

సోమవారం పొద్దున సవరణ రాశాను. పేపర్లో సవరణ అంటే లోపలి పేజీలో, వేలెడంత చోట్లో, ఎవరూ నొచ్చుకోకుండా రాసేది. చెయ్యి అలాగే తిరిగింది: "గాలాలకు నూనె అంటి ఉండటం వల్ల చేపలు ఎర ముట్టలేదని తేలింది. గతంలో వెలువడిన సమాచారానికి చింతిస్తున్నాం." పంపేముందు మా ఆవిడ అడిగి తీసుకుని చదివింది. టూల్‌రూమ్ మనిషి అప్పుడే వచ్చి గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తున్నాడు.

"నూనె దానంతటది అంటుకుందా?" అంది ఆమె. "ఎవరు పూశారో లేదు ఇందులో. ఓడల కథ ఎవరు రాశారో లేదు. మావాడు ఉత్త నీళ్లలో తిప్పుతున్నాడని మాత్రం వారమంతా పనిగట్టుకుని అన్నారు అందరూ. వాడి దగ్గరికొచ్చేసరికి మనిషి ఉన్నాడు, మీ దగ్గరికొచ్చేసరికి మనిషి లేడు."

అది చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాను. ఓడల మాట నేను ఊహించి రాశానని, చూడకుండా రాశానని రాశాను. తర్వాతి వాక్యం దగ్గర ఆగిపోయాను. పూసింది ఎవరో రాయాలి, ఆ పూసిన మనిషి నా ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ఇంతలో అతనే ఫోన్ జేబులోంచి తీసి, మైకు బొమ్మ నొక్కి, నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"అందరు ఇనున్రి. గాలాలకు ఆయిల్ పూసింది నేను. తుప్పు పడ్తదని పూసిన. గా వాసనకు చేప వస్తలేదు. గైడు తప్పేం లేదు. ఆయనకు తెల్సు, నా ఇజ్జత్ పోతదని చెప్పలే. నా డబ్బాలు ఎవలి తాన ఉన్నయో అన్ని వాపస్ తెచ్చియ్యున్రి, కడిగిస్త. గైడును మార్సుడు లేదు. మారిస్తే నన్ను గుడ తీసెయ్యున్రి గ్రూపులకెళ్లి."

పంపేసి, ఫోన్ బోర్లా పెట్టి, "చాయ్ ఉన్నదా వదినా" అన్నాడు.

నా సవరణ కూడా వేశాను. దానికి సుబేదారుగారి బొటనవేలు వచ్చింది. అతని గొంతుకు మాత్రం సాయంత్రందాకా జవాబులు వస్తూనే ఉన్నాయి. "గిది ముందే చెప్పొద్దా అన్నా." "మేము మూడు ఆదివారాలు ఆయిల్ పోసి సముద్రాన్ని సర్వీసింగ్ చేసినమా?" చివరికి లేత్ ఆపరేటర్, చేతులెత్తే పని లేదు, వచ్చే ఆదివారం ఎవరెవరు వస్తారో పేర్లు పెట్టమన్నాడు. తొమ్మిది పేర్లు వచ్చాయి. నావలో ఐదుగురే పడతారని నేను మొదటి వారం నుంచి రాస్తున్నాను.

గురువారం ఫోన్ మోగింది. తొమ్మిది మందని చెప్పాను.

"ఈ ఆదివారం వద్దండి బావగారూ. గాలి బలంగా ఉంటాది. రావద్దని రాసెయ్యండి."

రాశాను. ఆదివారం రావద్దు, గాలి ప్రమాదం, అని ఇంతకంటే స్పష్టంగా నేను నా ఉద్యోగంలో ఏ శీర్షికా పెట్టలేదు. నిమిషంలో జవాబు: "టికెట్లు అయిపోయినయి సార్." మళ్లీ అతనికి ఫోన్ చేసి, తల పట్టుకుని ఈ సంగతి చెప్పాను.

"రానివ్వండి" అన్నాడు. ఆ గొంతులో సంతోషం దాచినా దాగలేదు. "నావ ఎక్కించనండి. ఒడ్డున నిలబడి వల విసరడం నేర్పిస్తాను. ఆ పై ఆదివారానికి ఎలాగూ మళ్లీ వస్తారు కదండీ."

ఆదివారం వాళ్లు అక్కడ ఇసుకలో వలలు చిక్కులు వేసుకుంటున్న సమయానికి మా మేడమీద పెద్ద గిన్నెలో కుంకుడుకాయల రసం మరుగుతోంది. మా ఆవిడది ఆ గిన్నె, అడక్కుండానే పైకి తెచ్చాం. టూల్‌రూమ్ మనిషి వాపసొచ్చిన డబ్బాల్లోని గాలాలను పిడికెడు పిడికెడు అందులో పోసి, గరిటెతో తిప్పి, తీసి, ఎండలో గుడ్డమీద ఆరబెడుతున్నాడు. తుప్పు పట్టే ఇనుమును ఉత్తగా ఎండబెట్టడం అతనికి ఎంత కష్టంగా ఉందో ముఖంలో కనబడుతోంది. ఒక గాలం తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు.

"సూడన్నా. ఇంకా వస్తున్నదా?"

"ఏమీ రావట్లేదు."

"నీకు మొన్న గుడ రాలే" అని, దాన్ని నా మాట మీద వదలకుండా, మెట్ల దగ్గరికి పోయి కిందికి పిలిచాడు. "వదినా, ఒకసారి పైకి రాన్రి."

ఆమె వచ్చింది. గిన్నె వంక ఒకసారి చూసి, గాలం తీసుకుని వాసన చూసింది.

"ఇంకొక్క వాయి ఉడకనివ్వండి" అంది.